మడతతో కలిపి అరవై నాలుగు

మార్చి 3

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఈ ఉత్తరంతో పాటు పెట్టిన కాగితం చదువు. మీ ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు పంపిందే. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మూడుసార్లు "ఊఁ" అంటావు, నాలుగోసారి "మీటింగుంది అక్కా" అంటావు. కాగితం మీద "ఊఁ" అని రాసి పంపలేవు కదా. పైగా మీ వాళ్ళకి కాగితమంటేనే గురి, నోటిమాటంటే లెక్కలేదు. అందుకని నేనూ కాగితం మీదికే దిగాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం స్కూలు యూనిఫారాలు కుడుతూ కుడుతూ మిషను మీదే నిద్రపోయాను. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. సూది చూపుడువేలి గోట్లో దిగి అవతలకి తేలింది. ఇరవై ఆరేళ్ళుగా కుడుతున్నాను, ఏనాడూ మిషను కింద వేలు పెట్టినదాన్ని కాదు. మీ బావ లిఫ్టు రిపేరు మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆ లిఫ్టుకి వాడే పట్టకారుతోనే సూది పీకాడు. ఆ లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారేమో నాకు తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళితే ఒంటి నిండా తీగలు అంటించి పడుకోబెట్టి పరీక్ష చేశాడు. నిద్రలో గంటకి నలభైసార్లు నా ఊపిరి ఆగిపోతోందట. అందుకే పగలంతా ఆ తూగు. ఒంటి బరువు వల్ల వచ్చిందట. సుగరు కూడా ఏ మందుకీ దిగడం లేదు. పొట్ట చిన్నది చేసే ఆపరేషను చేయించుకోకపోతే, ఏదో ఒకరోజు ఆగిన ఊపిరి మళ్ళీ అందుకోదని మందులచీటీ రాస్తూ రాస్తూ చెప్పాడు. తల కూడా ఎత్తలేదు.

ఆపరేషనుకి అనుమతి అడిగితే మీ కంపెనీ ఏమందో చూడు. "బరువు తగ్గింపు మరియు సౌందర్య సంబంధ చికిత్సలు పాలసీ పరిధిలోకి రావని విచారంతో తెలియజేస్తున్నాము." సౌందర్యమట. పొట్ట కోసి కుట్టించుకుంటే అందం వస్తుందని మీ వాళ్ళకి ఎవరు చెప్పారో కనుక్కో. నలభై ఎనిమిదేళ్ళకి నేనిప్పుడు ఏ అందాల పోటీకి వెళ్ళాలి?

సొంతంగా పెట్టుకుని చేయించుకునే స్తోమత ఉంటే మీ కంపెనీ గుమ్మం ఎందుకు తొక్కుతాను? నాలుగేళ్ళ కిందట ఈ పాలసీ నా చేత కట్టించినవాడివి నువ్వే. కాబట్టి నువ్వే చూడు.

వేలికి కట్టుతో రాశాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏడవకు.

మీ అక్క


మార్చి 11

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. వేలు తగ్గిందనుకుంటాను. నువ్వు కోపంలో రాసినట్టున్నావు కాబట్టి కొన్ని విషయాలు నిదానంగా చెప్తాను.

ప్రతి పాలసీలోనూ మినహాయింపులని ఉంటాయి. అంటే కంపెనీ భరించనివి. పాలసీ పుస్తకంలో పంతొమ్మిదో పేజీలో స్పష్టంగా అచ్చువేశాం. జనం మొదటి పేజీలో నవ్వుతున్న కుటుంబం బొమ్మ చూసి సంతకం పెడతారు, పంతొమ్మిదో పేజీ తిప్పరు. తర్వాత మమ్మల్ని తిడతారు. రోజుకి ఇలాంటి ఉత్తరాలు ముప్పై చూస్తాను. అందరూ నీలాగే "ఊపిరి ఆడటం లేదు" అనే రాస్తారు.

నన్నడిగితే ఈ వయసులో నీకు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థం కావడం లేదు. ఎదురింటి ఫోటో స్టూడియో ఆవిడ ఏమైనా అందా? ఆవిడ నోటికి జడిసి పొట్ట కోయించుకుంటారా ఎవరైనా? పొద్దున్నే ఒక గంట నడువు. తిండి తగ్గించు. మా సెక్షను ఆఫీసరు ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు, ఏ ఆపరేషనూ లేదు. కూర్చుని చేసే పని కాబట్టి నీకు ఒళ్ళు వచ్చింది, అంతే.

మిషను మీద నిద్ర వస్తే కాసేపు పడుకుని లేచి కుట్టుకో. రూలు రూలే అక్కా. నా అక్కవని రూలు మారదు. అలా మారిస్తే నా ఉద్యోగానికే ఎసరు.

బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు,
సీనియర్ అసిస్టెంటు, ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం


మార్చి 16

సీనియర్ అసిస్టెంటు గారికి,

తమరి సలహాలు అందాయి. నడవమన్నారు. తిండి తగ్గించమన్నారు. ఇంత గొప్ప సంగతి నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. మా వీధిలో కూరలమ్మే ఆవిడ, పాలు పోసేవాడు, గుండీలు కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ చెప్పారు గానీ, వాళ్ళెవరూ సీనియర్ అసిస్టెంట్లు కారు.

నా నీలం చొక్కా ఉంది చూడు, దుకాణంలో రోజూ వేసుకునేది. దాన్ని లోపలివైపు తిప్పితే నేను చేసిన తిండి తగ్గింపులన్నీ కనిపిస్తాయి. మొదటిసారి ఎనిమిది నెలలు ఉప్పూకారం లేని ఉడకబెట్టిన ముక్కలు తిన్నాను. చొక్కా రెండంగుళాలు లోపలికి పట్టి కుట్టాను. ఏడాది తిరక్కుండా కుట్టు విప్పాను. రెండోసారి పొద్దున్నే గంటన్నర నడక, మోకాలు వాచేదాకా. మళ్ళీ పట్టు, మళ్ళీ విప్పు. మూడోసారి ఆస్పత్రి వాళ్ళిచ్చిన మందు, పట్టిక, వారం వారం కాటా. అప్పుడూ అంతే. ప్రతిసారీ మొదటికంటే ఒక అంగుళం ఎక్కువే వదలాల్సి వచ్చింది. ఏ కుట్టు ఎప్పుడు వేశానో తారీఖుతో సహా కొలతల పుస్తకంలో ఉంది. మీ సెక్షను ఆఫీసరు తొమ్మిది కిలోలు తగ్గితే సంతోషం. మళ్ళీ ఎన్ని పెరిగాడో వచ్చే ఏడాది రాయి.

స్టూడియో ఆవిడ సంగతి ఎత్తినందుకు ఒళ్ళు మండింది. అక్క చచ్చిపోతానేమోనని రాస్తే, ఎవరో ఏదో అన్నారని రాశాననుకున్నావా? ఇంతేనా నువ్వు నన్ను ఎరిగింది?

ఇంకో సంగతి. మీ వాళ్ళ కాగితం నిన్న మళ్ళీ చదివాను. చివర్లో "అన్యథా భావించవలదని ప్రార్థన" అని ఉంది. ఈ ముక్క లోకంలో ఒక్కడే రాస్తాడు. చిన్నప్పుడు నాకు బడి ఎగ్గొట్టాలనిపించినప్పుడల్లా సెలవుచీటీ రాసిపెట్టేవాడివి. ప్రతి చీటీ చివర ఇదే ముక్క. టీచరు ఒకసారి చెవి మెలేసి అడిగింది కూడా, ఈ అన్యథా ఎవరే అని.

అంటే నా ఆపరేషను కుదరదని రాసిన చెయ్యి నీదే. రాసేసి, పైనుంచి నాకు నడక నేర్పుతున్నావు. సిగ్గుండాలి.

అక్క
(ఏ విభాగమూ లేదు)


మార్చి 25

అక్కా,

నువ్వు అనవసరంగా అపార్థం చేసుకున్నావు. నీ ఉత్తరం నేను రాయలేదు. అంటే, రాశాను గానీ నీకు రాయలేదు.

తిరస్కరణ ఉత్తరాల నమూనా నాలుగేళ్ళ కిందట నేను తయారుచేశాను. అంతకుముందు ఉత్తరాలు మూడేసి పేజీలుండేవి, చదివినవాళ్ళు మళ్ళీ ప్రశ్నలు రాసేవాళ్ళు. నేను అన్నీ ఒక్క పేజీకి తెచ్చాను. తిరిగి వచ్చే ఉత్తరాలు సగానికి సగం తగ్గాయి. ఆ ఏడాది వార్షికోత్సవంలో మా మేనేజరు స్టేజీ మీదికి పిలిచి నాకు గోడగడియారం ఇచ్చాడు. ఆ మేనేజరుని మేమంతా గొంతుసవరింపు అంటాం. ప్రతి మాటకీ ముందు ఒకసారి గొంతు సవరిస్తాడు. ఆ రోజు నాకోసం రెండుసార్లు సవరించాడు. ఇప్పుడు మిషనే పేరు మార్చి అచ్చువేస్తుంది. నీ పేరు నా కంట పడనేలేదు, ఒట్టు.

నువ్వు అంతలా రాశావు కాబట్టి నీ ఫైలు తెప్పించి చూశాను. పంతొమ్మిదో పేజీలో ఆ మినహాయింపు కింద ఇంకో పేరా ఉంటుంది. ఎత్తుకి ఎంత బరువు ఉండాలో చూసే లెక్క ఒకటుంది, బీఎంఐ అంటారు. అది నలభై దాటితే, లేదా ముప్పై అయిదు దాటి గుండెజబ్బో, తీవ్రంగా నిద్రలో ఊపిరి ఆగే జబ్బో, అదుపులో లేని సుగరో ఉంటే, మిగతా పద్ధతులన్నీ విఫలమయ్యాయని రుజువుంటే, డాక్టరు చెబితే, ఆపరేషనుకి కంపెనీ ఇస్తుంది. ఈ పేరా ఒక్క పేజీలో పట్టలేదు. అందుకని నమూనాలో పెట్టలేదు. ఎలాగూ చాలామందికి వర్తించదు.

నీకూ వర్తించలేదు. నీ ఎత్తు అరవై నాలుగు అంగుళాలు, బరువు తొంభై ఒక కిలోలు. లెక్క వేస్తే ముప్పై నాలుగున్నర వచ్చింది. అర తక్కువైంది. నిజానికి నువ్వు ఇంకో కిలోన్నర పెరిగితే సరిపోతుంది. మా ఆఫీసులో కొందరు పార్టీలకి, అంటే పాలసీ కట్టినవాళ్ళకి, అదే సలహా ఇస్తారు. నేను పెరగమనడం లేదు, ఊరికే చెప్తున్నాను.

తమ్ముడు


మార్చి 30

ఒరేయ్,

నీ ఉత్తరం మీ బావకి పైకి చదివి వినిపించాను. "కిలోన్నర పెరిగితే" అన్న చోట ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. నవ్వడానికో ఉమ్మడానికో నాకు చెప్పలేదు.

సరిగ్గా అర్థమైందో లేదో చూడు. నేను తగ్గాలంటే ముందు పెరగాలి. పెరిగి, ఊపిరి ఇంకా నాలుగుసార్లు ఎక్కువ ఆగితే, అప్పుడు మీ కంపెనీకి నా మీద జాలి పుడుతుంది. ఈ రూలు రాసిన మహానుభావుడికి కూడా గడియారం ఇచ్చారా?

నీ సంగతి అంతకంటే బాగుంది. కుదరదు అనే సగం రూలు రాసి, కుదురుతుంది అనే సగం పేజీలో పట్టలేదని వదిలేశావు. నేను చొక్కా కుట్టి, గుడ్డ చాల్లేదు తల్లీ అని ఒక చెయ్యి కుట్టకుండా ఇస్తే ఊరుకుంటారా? నీకైతే స్టేజీ మీద చప్పట్లు కొట్టారు. తిరిగి వచ్చే ఉత్తరాలు తగ్గాయట. తగ్గవూ మరి, వాళ్ళు నోరు మూసుకుని ఇంటికి పోయారు కాబట్టి.

ఇక అసలు సంగతి. అరవై నాలుగు అంగుళాలు ఎవరు? దర్జీ కంటితో చెప్తున్నాను, నా ఎత్తు అరవై. మీ బావ చొక్కా రెండో గుండీ దగ్గరికి వస్తాను. పై అరలోంచి దారపుకండె తియ్యాలంటే స్టూలు ఎక్కుతాను. ఆస్పత్రి కౌంటరులో అడిగితే, ఎత్తు మేము కొలవలేదమ్మా, ఇన్సూరెన్సు కార్డు మీద కంపెనీ వాళ్ళు వేసిందే ఎక్కించాం అన్నాడు. అంటే ఎగ్గొట్టడానికి మీ వాళ్ళే నన్ను నాలుగంగుళాలు సాగదీశారు. వెళ్ళి ఆ గొంతుసవరింపుని నిలదీయి.

మొన్న ఇస్త్రీ చేస్తూ నిలబడే తూలాను. మోచేతి కింద కాలింది. ఇలాగైతే దుకాణం మూసేయమంటున్నాడు మీ బావ. దుకాణం మూసి ఏం చెయ్యాలి, నిద్రపోవాలా?

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

కాలిన చోట మందు రాసుకో.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ముప్పై అయిదు కావాలని చెప్పిన మర్నాడే అందరి ఎత్తూ తగ్గిపోతుంది. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. ఒకాయన రెండు నెలల్లో మూడంగుళాలు పొట్టివాడయ్యాడు. ఎత్తు నాలుగంగుళాలు తగ్గిస్తే నీ లెక్క ముప్పై తొమ్మిది దాటుతుంది, చక్కగా రూలులో పడతావు. నువ్వు ఆ లెక్క వేసుకున్నావనే అంటాడు గొంతుసవరింపు. నేనూ మొదట అదే అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

కంపెనీ ఎవరినీ సాగదీయదు. ఫారంలో ఉన్నదే కంప్యూటరులో ఉంటుంది. ఆ ఫారం మీద నీ సంతకం ఉంది. ఇప్పుడు అది తప్పు అంటే, నువ్వే తప్పు సమాచారం ఇచ్చావని మొత్తం పాలసీనే రద్దు చేయొచ్చు. బాగా ఆలోచించుకో. ఎత్తు జోలికి పోకుండా ఇంకేదైనా దారి చూద్దాం.

మిగతా పద్ధతులు విఫలమయ్యాయని కూడా రుజువు కావాలి. చొక్కా కథ ఉత్తరంలో బాగానే ఉంటుంది గానీ ఫైలులో పనికిరాదు.

తమ్ముడు


ఏప్రిల్ 10

తమ్ముడికి,

నేను అబద్ధం ఆడుతున్నానన్నావు. అన్నావు కదా, అది అలా ఉండనీ.

పార్సిలులో మూడు వస్తువులు పంపాను. మొదటిది డాక్టరు కాగితం. ఈసారి గోడకి నిలబెట్టి కొలిపించాను. మీ బావ తన ఇనపటేపు కూడా పట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు, మళ్ళీ ఎవరైనా సాగదీస్తారేమోనని. అరవై. డాక్టరు సంతకం, ముద్ర రెండూ ఉన్నాయి. పొద్దస్తమానం మెళ్ళో టేపు వేసుకుని తిరిగే నా ఎత్తు ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా కొలవలేదు. నేనూ కొలుచుకోలేదు.

రెండోది నీలం చొక్కా. లోపలివైపు చూడమను మీ వాళ్ళని. ఉతికే పంపాను.

మూడోది నా కొలతల పుస్తకం. ఎర్రదారం పెట్టిన పేజీ తియ్యి. అది నా పేజీ. నాలుగేళ్ళ కిందట మా ఆడపడుచు పెళ్ళికి నేలదాకా వచ్చే గౌను కుట్టుకున్నాను, దాని కొలతలు. "నిలువు, యాభై నాలుగు" అని ఉంటుంది. భుజం నుంచి నేల దాకా నాకు యాభై. మడమల చెప్పులకి రెండు, కింద మడతకి రెండు కలిపి రాసుకున్నాను. గౌను కుట్టే ఎవరైనా అలాగే రాస్తారు.

ఇప్పుడు గుర్తు తెచ్చుకో. ఆ వారమే నువ్వు వచ్చావు. నెలాఖరు, మీ ఆఫీసులో అందరికీ పెట్టిన లెక్కకి నీకు ఒక పాలసీ తక్కువైంది. గుండీల పెట్టె మీద కూర్చుని ఫారం నింపావు. బరువు అడిగావు, మందులషాపు ముందు మిషను ఎక్కి చూసి వచ్చి మరీ చెప్పాను. ఎత్తు అడిగినప్పుడు నేను పెళ్ళి బట్టల హడావుడిలో, "అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి, చూసి రాసుకో, నన్ను కదపకు" అన్నాను. అన్న మాట నాదే, కాదనను. చదవకుండా సంతకం పెట్టిందీ నేనే.

యాభై నాలుగు అరవై నాలుగు ఎలా అయిందో నాకు తెలియదు. నీకు తెలిసుండాలి.

అక్క


ఏప్రిల్ 21

అక్కా,

పాత ఫారం గోదాములోంచి తీయించాను. అది నా చేతిరాతే.

అంచున పెన్సిలుతో కూడిక ఉంది. యాభై నాలుగు, కింద పది, గీత, అరవై నాలుగు. నిలువు అంటే భుజం నుంచి కాబట్టి మెడకీ తలకీ ఒక పది కలిపి ఎత్తు రాశాను. అప్పుడు అది నాకు చాలా తెలివైన పనిగా తోచింది. మడతా మడమా అందులో ఉన్నాయని ఎలా తెలుస్తుంది నాకు? అడిగితే తెలిసేది. నువ్వు మూడడుగుల దూరంలో ఉన్నావు, నీ మెళ్ళో టేపు ఉంది. అడగలేదు. బస్సుకి టైమైపోతోంది.

ఇన్నాళ్ళూ నువ్వు ఊపిరాగి చస్తున్నానంటే నేను రూలు చెప్పాను. రూలు సరిగ్గానే ఉందక్కా. అంకె తప్పు, ఆ తప్పు నాది. నిన్ను అబద్ధాలకోరు అన్నాను. ఆ ముక్క రాసిన చెయ్యి విరిచేసుకోవాలనిపించింది.

తప్పు నాదేనని రాసిచ్చాను. పార్టీ చెప్పిన అంకె కాదు, పార్టీని కొలవకుండా, అడగకుండా ఉద్యోగి సొంతంగా వేసిన అంకె అని. పెన్సిలు కూడిక ఉంది కాబట్టి పాలసీ రద్దు చేయడానికి దారి లేకుండా పోయింది. గొంతుసవరింపు చాలాసేపు సవరించుకుని, "ఇది నీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది, తెలుసా" అన్నాడు. తెలుసన్నాను.

నీ చొక్కా నాలుగు రోజులు బల్లబల్లకీ తిరిగింది. గొంతుసవరింపు రెండు వేళ్ళతో పట్టుకుని ఇది ఆధారమా అన్నాడు. న్యాయ విభాగంలో ఒకావిడ ఉంది, ఎవరితోనూ మాట్లాడదు. ఆవిడ చొక్కా తీసుకుని లోపలివైపు తిప్పి, భూతద్దం పెట్టి కుట్లు లెక్కపెట్టింది. పట్టు వేసి విప్పిన చారలు ఒక్కో పక్కా మూడు. పుస్తకంలో తారీఖులు మూడు. మూడోదానికి ఆస్పత్రి పట్టిక కూడా సరిపోయింది. "మనకి వచ్చే డాక్టరు సర్టిఫికెట్ల కంటే ఇది నయం" అంది. ఆవిడ సంతకం పెట్టాక మిగతావాళ్ళు పెట్టారు. ఫైలులోకి చేరింది కాబట్టి చొక్కా కాలరు మీద "పరిశీలించబడినది" అని రబ్బరుముద్ర వేశారు. వద్దని చెప్పేలోపే వేసేశారు.

జవాబు రెండు వారాల్లో వస్తుంది. ఈలోపు ఇస్త్రీ ముట్టుకోకు. మిషను దగ్గర ఒంటరిగా కూర్చోకు.

నీ తమ్ముడు


మే 6

తమ్ముడూ,

అనుమతి కాగితం వచ్చింది. ఇదీ ఒక్క పేజీయే. ఆపరేషను వచ్చే నెల పన్నెండున. మీ బావ కాగితం మడతపెట్టి పనిముట్ల సంచిలో దాచుకున్నాడు, ఎక్కడికి వెళ్ళినా వెంట ఉండాలట.

నువ్వు ఒప్పుకున్నందుకు సంతోషించాను. అంతకంటే ఎక్కువ మెచ్చుకోలు నా దగ్గర ఆశించకు. తల మెడ కలిపి పది అంగుళాలు వేశావు, అది మాత్రం సరిగ్గా వేశావు. యాభైకి పది, అరవై. మిగతాదంతా చెత్త.

ఆస్పత్రి వరండాలో నిన్న ఒకావిడ పక్కన కూర్చుంది. వంటశాలలో పనిచేస్తుందట, నాకంటే చిన్నది, నాకంటే లావు. రెండేళ్ళ కిందట కాగితం పెట్టుకుంటే కుదరదన్నారని, ఇంక ఊరుకున్నానని చెప్పింది. సంచిలోంచి కాగితం తీసి చూపించింది, నాలుగు మడతలూ చిరిగిపోయి ఉంది. కింద ఏముందో నేను చదవక్కర్లేదు. "అన్యథా భావించవలదని ప్రార్థన." రెండో సగం ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అది రాసినవాడు మా తమ్ముడు అని చెప్పలేకపోయాను. ఆవిడ కాగితం వెనక రూలంతా రాసిచ్చి, పంతొమ్మిదో పేజీ అడగమని చెప్పి వచ్చాను.

నేను తిట్టడానికి నాకు తమ్ముడున్నాడు. వాళ్ళకి ఎవరున్నారు?

అక్క


మే 19

అక్కా,

నన్ను కింద అంతస్తులో పాత ఫైళ్ళ గదికి మార్చారు. కిటికీ లేదు. గొంతుసవరింపు దీన్ని శిక్ష అనుకుంటున్నాడు.

నమూనా తిరగరాసి ఇచ్చాను. రెండో పేజీ వచ్చిందని రెండుసార్లు తిప్పికొట్టాడు. మూడోసారి కాగితం వెనకవైపు అచ్చువేయమన్నాను, వెనకవైపు ఖర్చు లేదు కదా అని. న్యాయ విభాగం ఆవిడ పైకి పంపింది. ఈ సోమవారం నుంచి కుదరదు అనేది ముందువైపు, ఎప్పుడు కుదురుతుందో వెనకవైపు వెళుతోంది. "అన్యథా" తీసేశాను.

పాత తిరస్కరణలన్నీ ఈ గదిలోనే ఉన్నాయి. బరువు ఆపరేషనువి ఏరుతున్నాను. అయిదు పెట్టెలు చూశాను. అందులో లెక్క ముప్పై అయిదు దాటి జబ్బు కూడా ఉన్నవాళ్ళు నలభై ముగ్గురు. ఒక్కొక్కరికీ రాస్తున్నాను. మీరు మళ్ళీ అడగొచ్చు అని, అంతే. ఆరుగురి ఉత్తరాలు మనిషి లేరని తిరిగొచ్చాయి. ఇల్లు మారారో ఏమో. ఏమో అని నేను రాస్తున్నాను గానీ, రెండింటి మీద పోస్టుమాను "చనిపోయారు" అని విడిగా రాశాడు.

ఇంకా ముప్పై ఒక్క పెట్టెలు ఉన్నాయి.

పన్నెండో తారీఖుకి వస్తున్నాను. రావద్దని రాయకు.

తమ్ముడు


ఆగస్టు 2

ఒరేయ్ చిన్నోడా,

మెలకువగా ఉండి రాస్తున్నాను. పొద్దున ఏడు నుంచి ఇప్పటిదాకా ఒక్క కునుకు రాలేదు. మధ్యాహ్నపు వెలుగులో నా దుకాణం ఇలా ఉంటుందని మర్చిపోయాను. మూలల్లో ఎంత దుమ్ముందో, మీ బావ ఊడుస్తున్నానని ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వు పెట్టాడు.

ఆస్పత్రిలో నాలుగు రోజులు నా మంచం పక్కన కూర్చుని నువ్వు చేసిన సేవ మాత్రం చెప్పుకోవాలి. నాకు పెట్టిన గంజి చూసి నీకు కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎదురుమంచం ఆవిడ నీకే జబ్బనుకుంది. పోయిన వారం ఊపిరి మళ్ళీ పరీక్ష చేశారు. నలభై కాస్తా ఏడుకి దిగింది. ఇంకా దిగుతుందన్నాడు డాక్టరు, ఈసారి తల ఎత్తే చెప్పాడు. వంటశాల ఆవిడకి కూడా అనుమతి వచ్చింది. నీ గురించి అప్పుడు చెప్పాను. విని, నీ కొలతలు అడిగింది. దేనికని అడిగితే చెప్పలేదు. జాగ్రత్తగా ఉండు.

ముప్పై ఒక్క పెట్టెల్లో ఎన్ని అయ్యాయో రాయలేదు నువ్వు. మధ్యలో ఆపితే నేనే వచ్చి ఆ గదిలో కూర్చుంటాను.

నీలం చొక్కా నిన్న అందింది. కాలరు మీద ముద్ర మూడు ఉతుకులకి కూడా పోయేలా లేదు. ఉండనీ, గుండీలు కొనడానికి వచ్చి సలహాలిచ్చేవాళ్ళకి చూపిస్తాను. మూడంగుళాలు పట్టు వేయాల్సి వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడు పట్టినా లోపలి గుడ్డ కత్తిరించేదాన్ని కాదు, మళ్ళీ విప్పుతానని నాకు తెలుసు కాబట్టి. ఈసారి కత్తెర తీసుకుని రెండు పక్కలా కోసేశాను.

ఒక్క అంగుళం మాత్రం లోపల వదిలాను. దర్జీని కదా.

మీ అక్క
ఎత్తు అరవై, మడత లేకుండా